తలకు రంగు మానేయాలంటే: మెల్లమెల్లగానా, ఒక్కసారిగానా?

నెల్లూరు_నెరజాణ:
నాకు 52. నలభై దాటకముందు నుంచీ తలకు నల్లరంగే. జుట్టు భుజాలు దాటి కిందికి ఉంటుంది. ఈమధ్య రంగు వేసుకున్న రాత్రల్లా మాడు దురద, చెవుల వెనక ఎర్రటి దద్దుర్లు. ఇక మానేద్దామని నిర్ణయం అయిపోయింది, అందులో చర్చ లేదు. ఎలా మానాలన్నదే తగువు. పార్లర్ అమ్మాయేమో "ఒక్కసారి ఆపేస్తే పైన తెలుపు, కింద నలుపు, మధ్యలో గీత. అసహ్యంగా ఉంటుంది ఆంటీ. హైలైట్స్ వేసుకుంటూ ఏడాదిలో కలిపేద్దాం" అంటోంది. మా చెల్లెలేమో "అదీ రంగే కదే, మానింది ఎక్కడ?" అంటోంది. ఇప్పుడు శ్రావణం. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. మీరేమంటారు?

కత్తెర_బెజవాడ:
పార్లర్ నడిపేదాన్ని కాబట్టి నా మాట ఎటు మొగ్గుతుందో మీకు తెలుసు, అయినా వినండి అక్కా. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొంచెం పైన పెరుగుతుంది. భుజాలు దాటిన జుట్టు పూర్తిగా కొత్తది రావాలంటే రెండున్నర, మూడేళ్లు. అన్నాళ్లూ ఆ గీతతో తిరగడం అందరివల్లా కాదు. ఆరో నెలలో విసుగొచ్చి మళ్లీ డబ్బా కొనుక్కునేవాళ్లే ఎక్కువ. మేం చేసేది, పాపిడి పక్కన, కణతల దగ్గర సన్నటి పాయలు తీసి రంగు తేలిక చేయడం. గీత చెదిరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చాలు, చివర్లు కత్తిరిస్తూ పోతాం.

ఒక్క జాగ్రత్త. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లరంగు బ్లీచుకు ఒక్కసారే దిగదు. ముందు ఇటుక రంగు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. ఒకే పూటలో బూడిదరంగు తెప్పిస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. జుట్టు పీచైపోతుంది.

మొండిఘటం_కర్నూలు:
రంగు మానడానికి రంగు వేయించుకోవడమేంటమ్మా! ఒక్కో సిట్టింగుకు వేలల్లో పోసి, పైన ఛాయ సరిదిద్దే టోనరని, దానికో షాంపూ అని... ఇంట్లో వేసుకునే ప్యాకెట్టే నయం.

నేను ఒక్కసారే ఆపేశాను. మూడో నెల నుంచి ఎనిమిదో నెల దాకా బాగాలేని మాట నిజమే. ఎదురైన ప్రతివాళ్లూ "ఒంట్లో బాగాలేదా?" అనేవాళ్లే. కానీ మనకున్న సౌకర్యం ఆ పార్లర్లవాళ్లు చెప్పరు. జుట్టు విరబోసుకు తిరిగేవాళ్లకే ఆ గీత బాధ. మనం జడ వేసుకుంటాం, కొప్పు పెట్టుకుంటాం. కనపడేది పాపిడి ఒక్కటే. దాన్ని కాస్త పక్కకి, వంకరగా తీసుకుంటే సగం కలిసిపోతుంది. పండగా పబ్బానికి చివర రెండంగుళాలు తీయించుకుంటూ పోతే అదే మెల్లగా మానడం. దానికి రసాయనం ఎందుకు?

కరీంనగర్_మాస్టారు:
ఎందుకింత లొల్లి? నేను తిరుపతి పోయి గుండు కొట్టించుకున్న. మొక్కు తీరింది, రంగు పీడ పోయింది. తర్వాత వచ్చిందంతా ముగ్గుబుట్టే. గంతే.

నెల్లూరు_నెరజాణ:
మాస్టారూ, పెళ్లికూతురి తల్లికి గుండా! వియ్యంకులవాళ్లు పీటల మీదే నా గురించి మాట్లాడుకుంటారు.

టొరంటో_తెలుగమ్మాయి:
మాస్టారి సలహా ఆడవాళ్లలో కూడా చాలామంది పాటిస్తారు, కల్యాణకట్టలో చూడండి. కానీ తల నెరిస్తే మగవాళ్లకు పడే మార్కులు వేరు, మనకు వేరు. అజిత్ 2011లో 'మంకాత్తా'లో నెరిసిన జుట్టుతో కనిపిస్తే స్టైలన్నారు. ఇక్కడ కెనడాలో సీటీవీ జాతీయ వార్తలు చదివే లీసా లాఫ్లామ్ 2020 లాక్‌డౌన్‌లో రంగు మానేసి తెల్లజుట్టుతోనే తెరమీదికొచ్చింది. 2022లో ఆమె కాంట్రాక్టు ముగించేశారు. అది వ్యాపార నిర్ణయమని, జుట్టుకూ దానికీ సంబంధం లేదని సంస్థ అంది. జనం నమ్మలేదు, దేశమంతా పెద్ద రచ్చ అయింది. అందుకే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు మెల్లగా కలుపుకుంటామంటే నేను పిరికితనం అనను. అది వాళ్ల లెక్క.

మొండిఘటం_కర్నూలు:
మన సమీరా రెడ్డిని చెప్పరేం? 'అశోక్'లో ఎన్టీఆర్ పక్కన చేసిన అమ్మాయి. తెల్లజుట్టు ఎందుకు కప్పుకోవట్లేదని వాళ్ల నాన్న అడిగారట. తను ఇదివరకు రెండు వారాలకోసారి రంగేసుకునేదాన్నని, ఇప్పుడు వేయాలనిపించినప్పుడే వేస్తానని 2021లో ఇన్‌స్టాగ్రామ్‌లో రాసింది. 

టొరంటో_తెలుగమ్మాయి:
వేయాలనిపించినప్పుడు వేస్తానంది కదా. అంటే ఒక్కసారే ఆపినట్టా, మెల్లగా మానినట్టా? మీరే చెప్పండి.

వరంగల్_చర్మవైద్యం:
మీరంతా అందం గురించి కొట్టుకుంటున్నారు గానీ, అడిగినావిడ మొదటి నాలుగు వాక్యాల్లోనే అసలు సంగతి చెప్పారు. దురద, చెవుల వెనక దద్దుర్లు. ఇది చాలావరకు పీపీడీ అలర్జీ లక్షణం. పీపీడీ అంటే పారాఫినైలిన్‌డయమీన్. నల్లరంగుకు ఆ నలుపునిచ్చేది చాలా ప్యాకెట్లలో అదే. యూరప్‌లో తలకు పెట్టే మిశ్రమంలో ఇది 2 శాతం మించకూడదని చట్టమే ఉంది. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తగ్గేది ఉండదు, మళ్లీ తగిలినకొద్దీ ముదురుతుంది. కళ్లు మూసుకుపోయేంత ముఖం వాచి వచ్చినవాళ్లను చూస్తుంటాం. కాబట్టి "రంగు వేసుకుంటూనే మెల్లగా మానుదాం" అన్న పద్ధతి ఆమెకు వర్తించదు. ఈరోజే ఆపాలి. ప్యాచ్ టెస్టు, అంటే చర్మం మీద కొంచెం పెట్టి పడుతుందో లేదో చూసే పరీక్ష, చర్మవైద్యుల దగ్గరే చేయించుకోండి, ఇంట్లో ప్రయోగాలొద్దు.

డబ్బా మీద అమ్మోనియా లేదని రాసినంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మోసపోయేవాళ్లు రోజూ కనిపిస్తారు.

గోదారి_గట్టు:
డాక్టరుగారూ, మరి గోరింటాకు? ఆకుపచ్చ ప్యాకెట్లో నల్లమెహందీ అమ్ముతారు కదా, నేచురల్ అని.

వరంగల్_చర్మవైద్యం:
గోరింటాకు ఎప్పుడైనా నల్లగా పండగా చూశారా? నల్లమెహందీ పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో కలిపేది ఈ పీపీడీనే. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదవండి. అచ్చమైన గోరింటాకు అయితే తెల్లజుట్టు మీద నారింజరంగు పండుతుంది. మీద నీలిమందు పెడితే నలుపు వస్తుంది. అలర్జీ పరంగా దాంతో భయం తక్కువే.

కత్తెర_బెజవాడ:
కానీ ఆ నారింజ కత్తిరిస్తే తప్ప పోదు. తెల్లజుట్టు పెంచుకుందామనుకునేవాళ్లు గోరింటాకు జోలికి పోకపోవడమే మేలు. ఇంకోటి, కొన్ని చవక పొడుల్లో లోహపు లవణాలుంటాయి. వాటి మీద బ్లీచు పడితే జుట్టు వేడెక్కి కాలినంత పనవుతుంది. ఇంతకుముందు ఏం పెట్టారో పార్లర్‌లో దాచకండి.

డాక్టరుగారి మాట ఒప్పుకుంటున్నాను. మాడు ఎర్రబడి ఉన్నప్పుడు నేను బ్లీచు కూడా ముట్టుకోను. టోనర్లలోనూ ఆ జాతి రసాయనాలే ఉంటాయి. నెరజాణ అక్కకు నా పద్ధతి పనికిరాదు. కానీ మొండిఘటం గారూ, దద్దుర్లేమీ లేని మనిషి, రోజూ పదిమంది ముందు నిలబడే మనిషి, డబ్బుంది, ఓపికుంది, గీత చూసుకోలేనంటే ఆమెకెందుకు అడ్డం? అందరూ మీలా మొండిఘటాలు కాదు.

మొండిఘటం_కర్నూలు:
అడ్డమేం లేదు. కానీ ఏడాదిలో అయిపోతుందని చెప్పి అమ్మకండి. మీరే రెండున్నర, మూడేళ్లన్నారు. హైలైట్స్ వేసినా వేయకపోయినా కుదురు నుంచి వచ్చే తెలుపు అదే వేగంతో వస్తుంది. మీరు తగ్గించేది గీతని, కాలాన్ని కాదు.

కత్తెర_బెజవాడ:
గీత తగ్గించడానికే కదమ్మా డబ్బులు తీసుకునేది!

నెల్లూరు_నెరజాణ:
డాక్టరుగారి మాటతో నా సంగతి తేలిపోయింది, ఇవాళ్టి నుంచి ఆపు. మాఘానికి ఆరేడు సెంటీమీటర్ల తెలుపు వస్తుందన్నమాట. కొప్పు, పూలు సరే, కణతల దగ్గరేం చేయను? ఫొటోలు జీవితాంతం ఉంటాయి. మా బోరునీళ్లకు తెల్లజుట్టు పసుపురంగుకు తిరుగుతుందని పక్కింటి వదిన బెదిరిస్తోంది కూడా.

కత్తెర_బెజవాడ:
కణతలకు, పాపిడికి అద్దుకునే పొడులుంటాయి, తలస్నానం చేస్తే పోతాయి. వాటిలో చాలావరకు ఐరన్ ఆక్సైడ్ రంగులే. కొనేముందు ఆ జాబితా డాక్టరుగారికి చూపించండి, పెళ్లికి నెలముందే కొంచెం వాడి చూసుకోండి. మీ వదిన చెప్పింది నిజమే, బోరునీళ్లలో ఇనుముంటే పసుపురంగుకు తిరుగుతుంది. చివరిసారి మంచినీళ్లతో తొలవండి. ఆ పసుపు తగ్గడానికి వారానికోసారి వంగపండు రంగు షాంపూ వాడొచ్చు, అంతకు మించి వాడితే జుట్టు లేత ఊదాగా తేలుతుంది. రంగు కలిపిన తలనూనెలు మానేసి మామూలు కొబ్బరినూనె రాసుకోండి. జుట్టు మాత్రం దసరాకే భుజాల పైకి కత్తిరించేయండి, కొప్పుకు సవరం పెట్టుకోవచ్చు.

కరీంనగర్_మాస్టారు:
పెళ్లయినంక తిరుపతి ఉండనే ఉన్నది.