అప్‌డేట్ 30 శాతం దగ్గర నిలబడిపోయింది. స్విచ్ ఆపేయాలా, ఇంకా చూడాలా?

గ్రీమ్స్‌పేట నెట్‌సెంటర్:

మాది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో చిన్న జెరాక్స్, నెట్ సెంటర్. ఆన్‌లైన్ అప్లికేషన్లు, దర్శనం టికెట్లు, పెళ్లి పత్రికల డీటీపీ, వేలిముద్ర పెట్టించుకుని డబ్బులివ్వడం, అన్నీ ఒక్క సిస్టమ్ మీదే. నిన్న మంగళవారం రాత్రి షాపు మూసేటప్పుడు 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' కనిపిస్తే అదే నొక్కి వెళ్లాను. పొద్దున తొమ్మిదికి ఆన్ చేస్తే అప్‌డేట్లు జరుగుతున్నాయి, 30 శాతం, కంప్యూటర్ ఆపొద్దు అని వచ్చింది. ఇప్పుడు పదకొండున్నర. ఇంకా అదే 30. చుక్కలు మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

ఇవాళ పదింటికే మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలారు. ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చినవాళ్లలో కొందరికి నా ఫోన్లోనే చేశాను, మిగతావాళ్లు పక్క వీధికి వెళ్లిపోయారు. ఆ బేరం పోతే పోయింది. నా టెన్షన్ అంతా పత్రికల ఫైళ్ల గురించి. డీ డ్రైవ్ నిండా అవే. అను తెలుగు ఫాంట్లు, పత్రికలు డిజైన్ చేసే పాత పేజ్‌మేకర్ ప్రోగ్రాం ఎక్కించిపెట్టిన అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ఫార్మాట్ చేయాల్సి వస్తే మళ్లీ వాటిని ఎవరు వేస్తారు?

సిస్టమ్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందంటే అంతకుముందే 11కి మార్పించాను. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్, ఒక పెన్‌డ్రైవ్ తగిలించే ఉన్నాయి. యూపీఎస్ ఉంది కానీ కరెంటు పోతే నాలుగు నిమిషాలు కూడా ఆగదు.

కొంగారెడ్డిపల్లె కుర్రోడు:

పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి అక్కా, ఏం కాదు. నేనెప్పుడూ అట్లే చేస్తా. అప్పటికీ రాకపోతే రీసెట్ కొట్టేయండి, ఫైళ్లు ఉంచు అని ఆప్షన్ ఉంటుంది, ఎక్కడివక్కడే ఉంటాయి.

బాలాజీ కాలనీ రిపేర్లు:

అమ్మా, ముందు ఆ రీసెట్ మాట పక్కన పెట్టండి. 'ఫైళ్లు ఉంచు' అంటే ఫోటోలూ డాక్యుమెంట్లే ఉంటాయి, మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. మీ అను, పేజ్‌మేకర్, వేలిముద్ర మిషన్ సాఫ్ట్‌వేర్ అన్నీ అందులోకే వస్తాయి. మీ భయం ఏదో సరిగ్గా అదే జరుగుతుంది.

నాది తిరుపతిలో సిస్టమ్ రిపేర్ల షాపు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది. అమెరికాలో వాళ్ల దగ్గర పొద్దున పది అంటే మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో. అందుకే మరుసటి రెండు రోజులు నా బల్ల మీద లాడ్జీల రిసెప్షన్ సిస్టమ్‌లు వరుసగా ఉంటాయి. రాత్రీ పగలూ ఆపకుండా నడిపే మిషన్లు అవి, ఎప్పుడో ఒకసారి రీస్టార్ట్ చేసేసరికి పోగుపడినవన్నీ ఒక్కసారిగా పని మొదలుపెడతాయి. వచ్చిన ప్రతివాళ్లూ 'ఆగిపోయింది' అనే అంటారు. చూస్తే వాటిలో చాలామటుకు ఆగిపోయినవి కావు, నత్తలా నడుస్తున్నవి.

తెర మీది శాతాన్ని నమ్మొద్దు. ఎన్ని మెట్లు అయ్యాయో అది చెబుతుందే గానీ ఎంతసేపు పడుతుందో చెప్పదు. ఒక్క మెట్టులోనే వేల ఫైళ్లు మార్చాల్సి ఉండొచ్చు, అంతసేపూ అంకె కదలదు. చుక్కలు తిరగడం కూడా గుర్తు కాదు, లోపల పని ఆగినా అవి తిరుగుతూనే ఉండొచ్చు. చూడాల్సింది సీపీయూ డబ్బా ముందున్న చిన్న హార్డ్ డిస్క్ లైటు. అది మినుకు మినుకుమంటోందా, ఆరకుండా వెలిగే ఉందా, అసలు వెలగడం లేదా? డబ్బాకు చెవి పెట్టి వినండి, డిస్క్ ఏమైనా చప్పుడు చేస్తోందా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు మారుతోందా? ఈ మూడూ చెప్పండి. ఈలోగా కీబోర్డు, మౌస్ తప్ప వెనకున్నవన్నీ పీకేయండి. వేలిముద్ర మిషన్ ముఖ్యంగా. దాని డ్రైవర్ దగ్గర అప్‌డేట్ ఇరుక్కున్నవి నేను చూశాను. పీకినందువల్ల నష్టం లేదు.

గ్రీమ్స్‌పేట నెట్‌సెంటర్:

అన్నీ పీకేశాను అన్నా. క్యాప్స్ లాక్ లైటు మారుతోంది. హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలిగే ఉంది. చెవి పెడితే కాసేపు మామూలు చప్పుడు, మధ్యలో టిక్ టిక్ అని ఆగి, మళ్లీ మామూలు. ఈ టిక్ టిక్ కొన్ని నెలలుగా ఉంది, ఫ్యాన్ అనుకున్నాం.

బాలాజీ కాలనీ రిపేర్లు:

అయితే సిస్టమ్ బతికే ఉంది. డిస్క్ దగ్గర ఏదో చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. ఆ టిక్ టిక్ నాకు నచ్చలేదు.

ఇప్పుడు ఆపొద్దు. భోజనం వేళ దాటేదాకా వదిలేయండి. దానంతట అది చేతులెత్తేస్తే 'మార్పులు వెనక్కి తీస్తున్నాం' అని వస్తుంది. విండోస్ అప్‌డేట్ సగంలో చెడితే పాత ఫైళ్లను తిరిగి పెట్టేలా కట్టారు, అది మంచి సంగతే. వెనక్కి తీసేటప్పుడు కూడా బోలెడు సేపు పడుతుంది. అసలు ప్రమాదం అక్కడ. జనం మొదటిసారి ఓపిక పడతారు, వెనక్కి తీసేటప్పుడు విసిగిపోయి స్విచ్ ఆపుతారు. అప్పుడు పాతదీ కాక, కొత్తదీ కాక మధ్యలో మిగులుతుంది.

మూడు దాటినా అదే 30 ఉండి, లైటు కూడా పూర్తిగా ఆరిపోతే అప్పుడు బటన్ పట్టుకోండి. మళ్లీ ఆన్ చేస్తే ఎక్కువసార్లు అదే వెనక్కి పోతుంది. పోకుండా అదే తెర దగ్గర నిలిస్తే, విండోస్ గుర్తు కనబడగానే ఆపడం, ఇట్లా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ మెనూ దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. రెండు ఉంటాయి, క్వాలిటీ అప్‌డేట్ అన్నది తీసేయండి. ఒకవేళ అక్కడ బిట్‌లాకర్ కీ, అంటే విండోస్ డిస్క్‌కు వేసుకున్న తాళం నంబరు, అడిగితే కంగారు పడొద్దు. ఆ 48 అంకెలు చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటాయి, ఫోన్లోంచి లాగిన్ అయి చూడొచ్చు. అకౌంట్ మీదా, ఆ బెంగళూరు అబ్బాయిదా అన్నది ఇప్పుడే కనుక్కోండి.

ఎస్వీయూ హాస్టల్:

అక్కా, యూట్యూబ్‌లో ఒకటి చూపిస్తారు. విండోస్ అప్‌డేట్ సర్వీసు ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, మళ్లీ సర్వీసు స్టార్ట్ చేయమని. సిస్టమ్ ఆన్ అయ్యాక అది చేయండి, నాకు పనిచేసింది.

ఇంకొకటి. మా రూమ్‌మేట్‌కి 2024 జనవరిలో కేబీ 5034441 అనే అప్‌డేట్ ఎన్నిసార్లు పెట్టినా ఫెయిల్ అయ్యేది, ఎర్రర్ నంబరు 80070643తో ముగిసేది. విండోస్ రిపేర్ కోసం డిస్క్‌లో విడిగా ఉంచుకునే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం కారణం. మీకూ అలాంటిదేమో.

బాలాజీ కాలనీ రిపేర్లు:

తమ్ముడూ, రెండూ నిజమే, కానీ ఈవిడ జబ్బు వేరు. నువ్వు చెప్పిన కేబీ విండోస్ 10ది. అది ఫెయిల్ అయ్యేది గానీ సిస్టమ్‌ను ఇట్లా గంటలు నిలబెట్టేది కాదు. ఇక ఫోల్డర్ పేరు మార్చడం డౌన్‌లోడ్ దగ్గర ఇరుక్కున్నప్పుడు మందు. డౌన్‌లోడ్ సున్నా శాతం దగ్గర కదలకపోతే, దిగిన ఫైలు చెడిపోయి ఉంటే, ఆ ఫోల్డర్ పక్కన పెడితే కొత్తగా దింపుకుంటుంది. రీస్టార్ట్ అయ్యాక తెర మీద ఆగినదానికి దానితో లాభం తక్కువ. యూట్యూబ్‌లో అన్ని రోగాలకూ అదే చెబుతారు, నాకు ఒళ్లు మండుతుంది.

గ్రీమ్స్‌పేట నెట్‌సెంటర్:

అన్నా, రెండు కావస్తుండగా దానంతట అదే 'వెనక్కి తీస్తున్నాం' అని వచ్చింది. చేయి పెట్టలేదు. మధ్యలో ఒకసారి కరెంటు మినుక్కుమంది, ప్రాణం పోయినంత పనైంది, ఎట్లనో యూపీఎస్ ఆగింది. మూడింటికి డెస్క్‌టాప్ వచ్చింది. ఫైళ్లన్నీ ఉన్నాయి, పేజ్‌మేకర్ తెరుచుకుంది. ఇప్పుడు మళ్లీ 'రీస్టార్ట్ చేయండి' అని అడుగుతోంది. అకౌంట్ నాదే.

బాలాజీ కాలనీ రిపేర్లు:

రీస్టార్ట్ చేయొద్దు. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి 'పాజ్' అన్నచోట ఒక వారం పెట్టండి. ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు, కానీ మనకు అంత అవసరం లేదు.

తర్వాత డిస్క్ ఎలా ఉందో చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంటుంది, వేసి చూడండి. నీలం రంగులో గుడ్ అంటే సరే. పసుపు రంగులో కాషన్ అంటే కింద 'రీఎలోకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్' వరుసల్లో ఏముందో చెప్పండి. విండోస్ తనకొచ్చిన ఎర్రర్లు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, డిస్క్ పేరుతో 7 అనే నంబరు ఎర్రగా ఉందేమో కూడా చూడండి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, డిస్క్‌లో చెడిన చోటు.

గ్రీమ్స్‌పేట నెట్‌సెంటర్:

పసుపు. రెండు వరుసల్లోనూ సున్నా కాకుండా అంకెలున్నాయి. 7 చాలా ఉన్నాయి అన్నా, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

బాలాజీ కాలనీ రిపేర్లు:

అదీ సంగతి. అప్‌డేట్‌ది తప్పు కాదు. రోజువారీ పనిలో మీరు తాకే ఫైళ్లు కొన్నే. అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ ఫోల్డర్ మొత్తం చదువుతుంది, రాస్తుంది, అప్పుడు చెడిన చోట్లు బయటపడతాయి.

ఎవరైనా ఇప్పుడు చెక్ డిస్క్ పెట్టండి అంటారు. పెట్టొద్దు. పోయే డిస్క్ మీద దాన్ని అంతా వెతికించడమంటే ఉన్న కాస్త ఆయుష్షూ లాగేయడమే. డిజమ్, ఎస్ఎఫ్‌సీ అని విండోస్ ఫైళ్లు బాగుచేసే కమాండ్లు కూడా ఇప్పుడు వద్దు. డిస్క్ బాగున్నవాళ్లకు అవి మంచివే, ముందు డిజమ్‌తో రిస్టోర్ హెల్త్, అది అయ్యాక ఎస్ఎఫ్‌సీ స్కాన్. డిజమ్ 62 శాతం దగ్గర కాసేపు నిలబడుతుంది, అప్పుడు కూడా ఆపేయకండి.

మీరు ఈ రాత్రే చేయాల్సిన పని ఒక్కటే. డీ డ్రైవ్ పత్రికల ఫైళ్లు, కస్టమర్ల కాగితాల స్కాన్‌లు ఉంటే అవీ, బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ముందు ముఖ్యమైనవి, తర్వాత మిగతావి. ఏదైనా ఫైలు దగ్గర ఆగితే దాన్ని వదిలి ముందుకు పొండి.

కొంగారెడ్డిపల్లె కుర్రోడు:

ఇంత తలనొప్పి ఎందుకన్నా, అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేస్తే పోలా?

బాలాజీ కాలనీ రిపేర్లు:

నువ్వు ఇంట్లో గేములాడుకునే సిస్టమ్ అయితే నీ ఇష్టం. ఆవిడ షాపులో జనం ఆధార్ నంబరు చెప్పి, వేలు పెట్టి డబ్బులు తీసుకుంటున్నారు. ఆ సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఉంచడం నాకు సమ్మతం కాదు. ఆపడం వేరు, మనకు వీలైన రోజుకు జరుపుకోవడం వేరు. బుధవారం పొద్దున, టికెట్లు వదిలే రోజు కాకుండా, శనివారం సాయంత్రం పెట్టుకుంటే చెడినా ఆదివారం చేతిలో ఉంటుంది.

గ్రీమ్స్‌పేట నెట్‌సెంటర్:

కాపీ మొదలుపెట్టాను, పెద్ద ఫోల్డర్ రెండు ఫైళ్ల దగ్గర ఆగింది, వదిలేశాను. కొత్తది ఏది కొనాలి? ఎస్ఎస్‌డీ 500 జీబీ సరిపోతుందా? పాత డిస్క్‌లో వాడింది 300 జీబీ లోపే. అను మళ్లీ వేయకుండా కుదురుతుందా? తిరుపతికి తేవాలా?

బాలాజీ కాలనీ రిపేర్లు:

500 చాలు. ఫార్మాట్ చేసి కొత్తగా వేయకుండా క్లోన్ చేయిస్తే పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి వస్తుంది, అను, పేజ్‌మేకర్‌తో సహా. పెద్ద డిస్క్ నుంచి చిన్నదానికి క్లోన్ చేయగల ప్రోగ్రాం వాడాలి, చెడిన సెక్టార్లు వస్తే ఆగిపోకుండా దాటేసేలా సెట్టింగ్ పెట్టాలి. ఈ రెండూ తెలిసిన మనిషి చిత్తూరులోనే దొరుకుతాడు, దీనికోసం 70 కిలోమీటర్లు డబ్బా మోసుకుని రావొద్దు. అడిగేటప్పుడు 'ఫార్మాట్ చేస్తావా, క్లోన్ చేస్తావా' అని అడగండి. ఫార్మాటే నయం అంటే ఇంకో షాపు చూసుకోండి. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకి ఉంచాలి, లేకపోతే ఏది ఏదో దానికీ అర్థం కాదు, మనకీ కాదు. విండోస్ లైసెన్సు గురించి దిగులు వద్దు, అది మదర్‌బోర్డును బట్టి ఉంటుంది, డిస్క్‌ను బట్టి కాదు.

యూపీఎస్ లోపల మామూలుగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, దాన్ని మార్పిస్తే చాలు, కొత్త యూపీఎస్ అక్కర్లేదు. షాపుకు ఇన్వర్టర్ కూడా ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అటు వేసి ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అప్‌డేట్ మధ్యలో అది జరిగితే కొత్త ఎస్ఎస్‌డీ ఉన్నా లాభం లేదు.

గ్రీమ్స్‌పేట నెట్‌సెంటర్:

ఇన్వర్టర్ ఉంది అన్నా, చూశాను, ఆ స్విచ్ మామూలు మోడ్‌లోనే ఉంది. ఇప్పుడే మార్చాను. దర్గా సర్కిల్ దగ్గర ఒకాయన క్లోన్ చేస్తానన్నాడు, రేపు పొద్దున డిస్క్ తీసుకుని పోతున్నాను.