అప్‌డేట్: దేవుడికి మన అవసరం లేకపోతే ప్రేమ ఎలా నిజం?

పోయిన నెల నేను అడిగింది ఇదీ: దేవుడికి ఏ లోటూ లేదంటే మనం ఉన్నా లేకపోయినా ఆయనకు ఒకటే కదా, ఇక మనల్ని ప్రేమిస్తున్నాడు అనడంలో అర్థమేముంది? జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఒంటరితనం పోవడానికే మనుషుల్ని చేశాడని కొందరన్నారు, అది మాత్రం నాకు ఎక్కలేదు.

ఒకరు బైబిల్లో అపొస్తలుల కార్యములు 17:25 చూడమన్నారు. అందరికీ జీవాన్ని, ఊపిరిని ఇచ్చేవాడికి ఏదో కొదువ ఉన్నట్టు మనుషుల చేతుల సేవ అక్కర్లేదని పౌలు ఏథెన్సులో చెప్తాడు. 50వ కీర్తన ఇంకా సూటిగా ఉంది, నాకు ఆకలేసినా నీకు చెప్పను, లోకమంతా నాదే అని (చదివి నవ్వొచ్చింది). కానీ ముడి విడింది యోహాను 17:24 దగ్గర. జగత్తుకు పునాది పడకముందే తండ్రి తనను ప్రేమించాడని యేసు అంటాడు, అంటే త్రిత్వంలో (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడు అనే నమ్మకం) ప్రేమ ముందే నిండుగా ఉంది, మనం వచ్చి నింపిందేమీ లేదు.

అసలు నేను ప్రశ్నే తిరగేసి అడిగానేమో. అవసరం కొద్దీ ప్రేమిస్తే అది తీరాక ఏమవుతుంది? ద్వితీయోపదేశకాండము 7లో ఇశ్రాయేలీయులను ఎన్నుకున్నది వాళ్లు ఎక్కువమంది అని కాదు, ప్రేమించాడు కాబట్టి అని ఉంటుంది. ప్రేమకు కారణం అడిగితే మళ్లీ ప్రేమే జవాబు!

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. హోషేయ 11లో ఎఫ్రాయిమును (అంటే తనను వదిలి వెళ్లిన ఇశ్రాయేలు ప్రజల్ని) ఎలా విడిచిపెట్టను అని దేవుడి మనసు కొట్టుకుంటుంది కదా, ఏ కొదువా లేనివాడికి ఆ బాధ ఏంటి? దీని మీద ఎవరైనా చెప్తే చదువుతాను.