మోయాబీయులు పదో తరం దాకా వద్దంటే, మరి రూతు?

కాలవగట్టు టీచర్ (రాజోలు)

అందరికీ వందనాలు. మాది రాజోలు దగ్గర పల్లె. సండేస్కూల్లో పెద్దపిల్లలకి రూతు గ్రంథం చెప్తున్నాను. మొగుడు పోయాక అత్త వెంట బేత్లెహేముకొచ్చి, పొలాల్లో పరిగె (కోత తర్వాత రాలిన వెన్నులు) ఏరుకుని బతికిన మోయాబు కోడలి కథ అది. దాళ్వా కోతలు నడుస్తున్నాయి కదా, పరిగె ఏరడం గురించి చెప్పడానికి ఇదే సమయం అనుకున్నాను. ఇప్పుడు మిషన్ కోతలొచ్చి పరిగె ఏరేవాళ్లు కనబడటం లేదు గానీ, మా అమ్మ చిన్నప్పుడు ఒడి నిండా వెన్నులు ఏరుకొచ్చేదట. అది చెప్తే పిల్లలు బాగానే విన్నారు.

అప్పుడు తొమ్మిదో తరగతి పాప ఒకతి ద్వితీయోపదేశకాండం 23:3 తీసి చదివింది. మోయాబీయులు పదో తరం దాకా యెహోవా సమాజంలో చేరకూడదని అందులో ఉంది. "రూతు కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, మునిమనవడు దావీదు రాజు. పది తరాలు ఎక్కడయ్యాయి టీచర్?" అంది. వచ్చే వారం చెప్తానన్నాను.

ఆ పాప వాళ్లమ్మ పెళ్లయ్యాకే బాప్తిస్మం తీసుకుంది. సంఘంలో కొందరు ఇప్పటికీ ఆమెను "బయట నుంచి వచ్చిన పిల్ల" అంటారు. పాప ఆ వచనం ఊరికే తీయలేదు. తప్పు జవాబు చెప్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సోషల్ మాస్టారు (అమలాపురం)

అమ్మా, 23వ అధ్యాయం కంటే ముందు 2వ అధ్యాయం చదివించండి. మోయాబు జోలికి పోవద్దు, ఆ నేల లోతు సంతానానికి ఇచ్చాను అని అక్కడ దేవుడే అంటాడు. లోతు అబ్రాహాముకి సోదరుడి కొడుకు. అంటే వీళ్లు పరాయివాళ్లు కారు, దాయాదులు. కోటిపల్లి రేవులో నిలబడితే అవతల ముక్తేశ్వరం ఒడ్డు కనబడుతుంది చూడండి, అలాగే బేత్లెహేము వైపు నుంచి చూస్తే మృతసముద్రం అవతల మోయాబు కొండలు కనబడతాయి.

గట్టు తగాదా ఉన్న దాయాదుల బతుకే వీళ్లది. మోయాబు రాజు ఎగ్లోను 18 ఏళ్లు ఇశ్రాయేలీయులను ఏలాడు, ఏహూదు అతన్ని కత్తితో పొడిచి చంపాడు. కరువొస్తే రూతు మామ ఎలీమెలెకు పెళ్లాంపిల్లలతో వెళ్లింది ఆ మోయాబుకే. సౌలు రాజు తరుముతుంటే దావీదు తన తల్లిదండ్రులను అప్పగించింది కూడా మోయాబు రాజుకే. అదే దావీదు రాజయ్యాక మోయాబీయులను నేల మీద పడుకోబెట్టి, తాడుతో కొలిచి, రెండు తాళ్ల మేర ఉన్నవాళ్లను చంపించాడు (2 సమూయేలు 8:2). పిల్లల దగ్గర ఇది దాచకండి. వాళ్లు దావీదు ముత్తవ్వ రూతు పుట్టింటివాళ్లు. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

మోయాబు వైపు మాట కూడా మనకు దక్కింది. 1868లో పాత మోయాబు నేల మీద దీబోను దగ్గర ఒక నల్లరాయి బయటపడింది. తర్వాత దాన్ని ముక్కలు చేశారు గానీ, అంతకుముందే కాగితం మీద అచ్చు తీసి ఉండటంతో మళ్లీ అతకగలిగారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. చెక్కించింది మోయాబు రాజు మేషా. 2 రాజులు 3లో లక్ష గొర్రెపిల్లలు, లక్ష పొట్టేళ్ల ఉన్ని కప్పం కట్టినవాడు ఇతనే. మా దేవుడు కెమోషు తన దేశం మీద కోపించాడు కాబట్టే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మమ్మల్ని అణిచాడు అంటాడు అందులో. న్యాయాధిపతుల గ్రంథంలో ఇశ్రాయేలీయులు తమ గురించి చెప్పుకున్నది కూడా ఇలాంటి మాటే కదా! భాష హెబ్రీకి చాలా దగ్గర. యెహోవా పేరు కూడా ఆ రాయి మీద ఉంది.

బ్రదర్ (భీమవరం)

టీచర్ గారూ, యూదుల ధర్మశాస్త్ర వివరణల గ్రంథం మిష్నాలో దీనికి జవాబుంది. నిషేధం మోయాబు మగవాళ్లకే, ఆడవాళ్లకి కాదు. ఇశ్రాయేలీయులు దారిలో వస్తుంటే మోయాబీయులు రొట్టె, నీళ్లు తేలేదనే కదా ఆ నిషేధం, అలా ఎదురెళ్లాల్సింది మగవాళ్లే కాబట్టి అని రబ్బీలు (యూదుల బోధకులు) వివరించారు. ఇదే చెప్పేయండి.

పాలకొల్లు అమ్మమ్మ

బాబూ, ఆ జవాబుతో పాప ఊరుకోదు. నెహెమ్యా 13లో ఇదే వచనం చదివారు. అదే అధ్యాయం చివర యూదుల అధిపతి నెహెమ్యా గట్టిగా మందలించింది అష్డోదు, అమ్మోను, మోయాబు ఆడవాళ్లను పెళ్లాడినవాళ్లనే. సంఖ్యాకాండం 25 కూడా చూడు. షిత్తీములో ఇశ్రాయేలీయులు మోయాబు స్త్రీల వెంట పడి వాళ్ల దేవుడు బయల్పెయోరుకు మొక్కారు, తెగులుకు 24,000 మంది పోయారు. మోయాబు ఆడవాళ్లంటేనే ఇశ్రాయేలీయులకి భయం.

టీచరమ్మా, నాకు తోచింది చెప్తాను. 23:4లో కారణం రాసి ఉంది. దారిలో అన్నపానాలతో ఎదురు రాలేదని, బిలాము అనే సోదెగాణ్ని కూలికి పిలిపించి శపించమన్నారని. ఇప్పుడు రూతు 2 చదువు. పొలం యజమాని బోయజు (తర్వాత రూతును పెళ్లాడింది ఇతనే) ఆ మోయాబు పిల్లతో దాహమైతే కుండల దగ్గరికెళ్లి తాగమంటాడు (9). భోజనం వేళ రొట్టె తినమని తన పనివాళ్ల పక్కన కూర్చోబెడతాడు (14). మోయాబీయులు పెట్టని రొట్టె, ఇవ్వని నీళ్లు ఇతను పెట్టాడు. ఆమె సాయంత్రం దాకా ఏరి, దుళ్లకొట్టి, తూమెడు యవలు అత్తకి తీసుకెళ్లి పెట్టింది. మోయాబు చేతి కూడు బేత్లెహేము ముసలమ్మ తిన్నది.

ఇంకోటి. నేను తణుకు నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్లయింది. ఇంకా తణుకు కోడలనే పిలుస్తారు. ఆ గ్రంథంలోనూ అంతే, మాటిమాటికీ "మోయాబీయురాలైన రూతు". పెళ్లి వచనం 4:13కి వచ్చేసరికి వట్టి రూతు. మత్తయి 1:5 కూడా చూడు, బోయజు తల్లి రాహాబు, యెరికో పట్టణపు కనానీయురాలు. అంటే ఆ ఇంట్లో అత్తగారు కూడా బయట నుంచి వచ్చిన మనిషే. పాపకి ముందు ఇది చెప్పు.

కాలవగట్టు టీచర్ (రాజోలు)

అమ్మమ్మగారూ, అన్నపానాల మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. 23:4 నేనూ ఎన్నిసార్లు చదివానో, రూతు 2తో కలిపి ఎప్పుడూ చూడలేదు. పది తరాల లెక్క మాత్రం నాకింకా తేలలేదు. తేలలేదనే పాపతో చెప్తాను.

ఆదివారం 2:9, 2:14 ఆ పాప చేతనే చదివిస్తాను. వాళ్లమ్మను కూడా రమ్మని నిన్న సాయంత్రం ఇంటికెళ్లి పిలిచాను. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మతో పరిగెకి వెళ్లేదట. నాలుగు కంకులు తెస్తాను, దుళ్లకొట్టడం పిల్లలకి చూపిస్తాను అంది.

మాస్టారూ, ఆ రాయి ఫొటో ఉంటే ఇక్కడ పెట్టండి, శనివారం లోపు ప్రింట్ తీయించుకుంటాను.