ఈ వారం సమస్య: బొమ్మ లేని హాలు పొంగిపోయె

నిర్వాహకుడు (విద్యానగర్):
మొన్న సినిమా హాళ్ళ కూడలి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తట్టిన పాదం ఇది. దీన్ని నాలుగో పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు మీరు కట్టి పద్యం నింపాలి, అదే పూరణ. 2000 నుంచి 2009 దాకా మన హైదరాబాద్‌లో సినిమా చుట్టూ జరిగినదేదైనా పూరణలోకి రావచ్చు. బొమ్మల కొలువు అర్థం మాత్రం వద్దు, అది అందరికీ తట్టేదే.

బొమ్మ లేని హాలు పొంగిపోయె

చిక్కడపల్లి బావ:
పెట్టె రాక ముందె పేటంత కదిలెను
రాత్రి మూడు కొట్ట రగడ మొదలు
తెరకు హారతిచ్చి తెల్లవారక ముందె
బొమ్మ లేని హాలు పొంగిపోయె

2003 సంక్రాంతికి 'ఒక్కడు' వచ్చినప్పుడు నేను ఆ గుంపులోనే ఉన్నాను. చూసిందే రాశాను.

తార్నాక మాష్టారు:
నడక బాగుంది బావగారూ. హారతి దగ్గర కర్పూరం వాసన వచ్చింది. కానీ పండక్కి వచ్చే పెద్ద సినిమాకు, అదీ క్రాస్ రోడ్స్‌లో, ప్రింటు పెట్టె రాకపోవడం ఏమిటి? ఆలస్యమయ్యేది ఒక ప్రింటును రెండు హాళ్ళకు తిప్పే చోట కదా. అన్వయం కొంచెం కుంటింది.

చిక్కడపల్లి బావ:
మా మేనమామ ఆపరేటర్ మాష్టారూ, ఆ లెక్క నాకు చెప్పకండి. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. రెండు గంటల నలభై అయిదు నిమిషాల సినిమాకు 15 రీళ్ళు. ఆయన హాల్లో ప్రింటు పంచుకునేవాళ్ళు. పక్క హాల్లో ఆడేసిన రీళ్ళను ఒక కుర్రాడు లూనా మీద, కాళ్ళ మధ్య రేకు డబ్బాలు పెట్టుకుని తెచ్చేవాడు. వాడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక్కడ తెర తెల్లగా, జనం నిండుగా. నా పద్యంలో పెట్టె ఆ పెట్టే. మీరు ఎప్పుడూ పద్యం వదిలేసి లెక్క పట్టుకుంటారు. పోయిన నెల 'ఫోను నెత్తకున్న పొలతి (అమ్మాయి) మురిసె' అన్న సమస్య ఇచ్చినప్పుడూ ఇంతే.

తార్నాక మాష్టారు:
ఆ మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం కాకముందు ఫోన్ ఎత్తినవాళ్ళకూ డబ్బు పోయేది. ఆమె మిస్డ్ కాల్ ఇచ్చినప్పుడు అవతలివాడు ఎత్తకుండా వదిలేస్తే ఇద్దరికీ మిగులు, కబురూ అందినట్టే. అందుకే ఆ పొలతి మురిసింది. మీరేమో "మిస్డ్ కాల్ చేసినవాళ్ళకే లాభం" అని నా పూరణ కొట్టేశారు. అది ఇప్పటికీ సరైన పూరణే.

నిర్వాహకుడు:
ఆ సమస్య ముగిసి నెల అయింది. ఇద్దరూ ఈ పాదానికి రండి.

తార్నాక మాష్టారు:
పాట విడుదలంట పాసులు దొరికెను
శిల్పకళకు నడిచె చిన్న పెద్ద
వేయి గొంతులొకటె వినిపించె నీలలు
బొమ్మ లేని హాలు పొంగిపోయె

అసలు సినిమాయే లేదు, ఆడియో వేడుక. మాదాపూర్ శిల్పకళా వేదికలో ఆ రోజుల్లో పాస్ దొరికిందంటే కాలేజీలో మన హోదా మారిపోయేది.

మలక్‌పేట అక్క:
ఈ విరుపు చాలా నచ్చింది మాష్టారూ. సినిమా ఇంకా విడుదల కాకుండానే హాలు నింపడం! క్యాసెట్ రేపర్ మీద పాటల వరస చూసుకుంటూ బస్సులో నిలబడి వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి.

చిక్కడపల్లి బావ:
శి-చి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొందిక) బాగా కుదిరింది, ఒప్పుకుంటున్నాను. కానీ మూడో పాదం చూడండి. ఈల గొంతుతో వేస్తారా? పెదవులతో కదా. "వేయి పెదవులొకటె వినిపించె నీలలు" అనండి, గణం, అంటే పద్యం నడకలో ఒక ముక్క, చెదరదు.

తార్నాక మాష్టారు:
నిజమే. మార్చుకుంటాను. ఈసారి మంచి మాట చెప్పారు.

సైదాబాద్ చిన్నోడు:
నాది మొదటి పూరణ, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

డిగ్రి పిల్లలంత టికెట్లకై వెళ్ళ
హౌసు ఫుల్లు బోర్డు హాయి చెరచ
కప్పు కార్ను తినుచు కబురులాడెడి వేళ
బొమ్మ లేని హాలు పొంగిపోయె

ప్రసాద్స్ ఐమాక్స్ 2003లో తెరిచినప్పుడు మేం స్కూలు పిల్లలం. డిగ్రీకి వచ్చాక వారం వారం వెళ్ళేవాళ్ళం. టికెట్ దొరికిన రోజులు తక్కువే. తెర ముందు హాలు కాదు, బయటి హాలే మా హాలు.

తార్నాక మాష్టారు:
తమ్ముడూ, మొదటి పాదంలో నాలుగో గణం చూడు. "టికెట్ల" అంటే లఘువు, గురువు, లఘువు. జగణం అక్కడ పడదు. "టిక్కెట్లకై వెళ్ళ" అను. ఒక్క ఒత్తుతో రెండు తగణాలు (గురువు, గురువు, లఘువు) వస్తాయి, డి-టి యతీ నిలుస్తుంది. మిగతా మూడు పాదాలు శుభ్రంగా ఉన్నాయి. "కప్పు కార్ను తినుచు" దగ్గర నాకు ఆ వెన్న వాసన, చేతికి అంటిన మసాలా రెండూ తెలిశాయి.

చిక్కడపల్లి బావ:
మాష్టారు కొత్తవాళ్ళను ఇంత మెచ్చుకోవడం నేను చూడలేదు. చిన్నోడా, ఇది దాచుకో.

మలక్‌పేట అక్క:
తెరను తీసివేసి తెల్ల పందిరి వేసి
కుర్చి వరుస పీకి కూడు పెట్టి
పెండ్లి కొడుకు రాగ పేరటాండ్రును జేర
బొమ్మ లేని హాలు పొంగిపోయె

పోయిన మాఘంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మెట్లెక్కుతుంటే కాళ్ళు గుర్తుపట్టాయి. 2001లో ఇంటర్ పరీక్షలయ్యాక మా నాన్న మమ్మల్ని సినిమాకు తీసుకెళ్ళిన హాలు అది, ఇప్పుడు ఫంక్షన్ హాల్. నేల చదును చేసినా వెనక్కి పోయేకొద్దీ ఇంకా కొంచెం ఎత్తుగానే ఉంది. వెనక గోడకు పైన నాలుగు చదరపు కన్నాలు అలాగే ఉన్నాయి. వాటికి సీరియల్ బల్బులు చుట్టారు. భోజనాల దగ్గర నేను తల ఎత్తి వాటినే చూస్తూ కూర్చున్నాను.

తార్నాక మాష్టారు:
కుర్చీని కుర్చి చేశారని అనబోయి ఆగిపోయాను. "కుర్చి వరుస పీకి కూడు పెట్టి" అన్న పాదాన్ని నేను ముట్టుకోను.

సైదాబాద్ చిన్నోడు:
అక్కా, నాలుగు కన్నాలు ఎందుకు?

చిక్కడపల్లి బావ:
రెండు ప్రొజెక్టర్లకు రెండు. రీలు మార్చే గుర్తు తెర మీద పడిందా అని ఆపరేటర్ చూసుకోవడానికి ఇంకో రెండు. మా మేనమామ వాటికి కన్ను ఆనించి నిలబడేవాడు. అక్కా, ఆ హాలు ఏదో ఇక్కడ రాయకండి, నాకు విడిగా చెప్పండి. ఒకసారి ఆయన్ను తీసుకెళ్ళి చూపించాలి.