నాటు నాటు గెలిచింది పాటతోనా, స్టెప్పుతోనా?

మద్దెల:
మొన్న ఒక రిసెప్షన్‌లో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం అయ్యాక డీజే అబ్బాయితో ఆర్ఆర్ఆర్ సినిమా పాట గురించి మాట పెరిగింది. "నాటు నాటులో స్టెప్పు తీసేస్తే మిగిలేది మామూలు మాస్ పాటే" అన్నాడు. ఇంటికొచ్చినా ఆ మాట మనసులోంచి పోలేదు. పన్నెండేళ్లుగా ప్యాడ్స్ వాయిస్తున్నాను. ఆ పాట ఎత్తుకోగానే కుర్చీల్లో ఉన్న ముసలివాళ్లు కూడా మడమతో నేల కొట్టడం ప్రతిసారీ చూస్తున్నాను. అక్కడ తెర ఉండదు, హీరోలుండరు. ఉండేది 6/8 నడక. మన తీన్మార్ వినేవాళ్ల ఒంట్లో ఎప్పటినుంచో ఉన్న నడక అది.

2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది ఒరిజినల్ సాంగ్ విభాగంలో. అందుకున్నది సంగీతం చేసిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. ఆ రాత్రి స్టేజీ మీద తారక్ ఆడలేదు, చరణ్ ఆడలేదు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. హాలంతా లేచి నిలబడింది. ఇంకా స్టెప్పు గెలిపించిందంటే ఎలా ఒప్పుకోవాలి?

ఫ్రేమ్24:
అన్నా, స్టేజీ మీద హీరోలు లేకపోయినా స్టెప్పు ఉంది కదా. ఇద్దరు డ్యాన్సర్లు ముందు నిలబడి అదే ఆట ఆడారు. స్టెప్పు లేకుండా గాయకులిద్దరినే మైకు ముందు నిలబెట్టాలని అక్కడివాళ్లు కూడా అనుకోలేదు.

నేను ఎడిటింగ్ చేస్తాను, ఎక్కువగా యూట్యూబ్ ఫోక్ పాటలకే. ఆ పాటను కట్ కట్‌గా ఆపి చూశాను. హుక్ స్టెప్పు, అదే అందరికీ గుర్తుండిపోయిన ఆ స్టెప్పు రాగానే కెమెరా ఎదురుగా నిలబడుతుంది. తల నుంచి బూటు వరకు ఇద్దరూ ఫ్రేములో ఉంటారు. మామూలుగా మాస్ పాటలో సెకనుకో కట్ పడుతుంది. ఇక్కడ ఎడిటర్ ఆగాడు. ఇద్దరి కాళ్లు ఒకే క్షణంలో లేచి పడటం మన కళ్లతో మనమే చూడాలి, ఎడిటింగ్ మాయ అనిపించకూడదు. ఆ ఒక్క స్టెప్పుకు పద్దెనిమిది టేకులు చేశామని, చివరికి వాడింది రెండో టేకేనని తారక్ చెప్పాడు కూడా. ఇద్దరూ పెద్ద హీరోలు. ఒకరు రవ్వంత వెనకబడినా ఫ్యాన్స్ ఊరుకోరు. అంటే వాళ్లిద్దరి ఇమేజ్ బరువు కూడా ఆ స్టెప్పులోనే ఉంది.

అవార్డుల సంగతే మాట్లాడదామంటే 69వ జాతీయ అవార్డులు చూడండి. కొరియోగ్రఫీ అవార్డు ఈ సినిమాకే, ప్రేమ్ రక్షిత్ మాస్టర్‌కి. పాటల సంగీతానికి వచ్చింది పుష్పకి, దేవిశ్రీకి. కీరవాణి గారికి వచ్చింది నేపథ్య సంగీతానికి. మన జ్యూరీ ఏం చూసిందో తెలుస్తోంది కదా.

నైజాం_కుర్రాడు:
చివర్లో చరణ్ కావాలని పడిపోయాడు. అది మర్చిపోయి ఎవరూ ఏమీ మాట్లాడకండి.

మద్దెల:
జాతీయ అవార్డు పాటకు ఇవ్వకపోతే పాట తక్కువైపోతుందా? చంద్రబోస్ గారు తొంభై శాతం అరపూటలో రాసి మిగిలిన పది శాతానికి 19 నెలలు ఆగారు. ఆ కష్టం ఏ ఫ్రేములోనూ కనిపించదు.

ఇంకో సంగతి. లిరికల్, అంటే పాట అక్షరాలు చూపించే వీడియో, 2021 నవంబర్ 10న వచ్చింది. సినిమా 2022 మార్చి 25న. నాలుగున్నర నెలలు జనం పాట విన్నారు. పూర్తి విజువల్ ఎవరూ చూడలేదు. మాకు అప్పటికే ప్రతి ఫంక్షన్‌లో రిక్వెస్టులు వచ్చేవి. మీ ఫ్రేము రాకముందే పాట గెలిచేసింది.

ఫ్రేమ్24:
ఆ లిరికల్‌లో స్టెప్పు ఉంది. మీరు మర్చిపోయారు.

మద్దెల:
కొన్ని సెకన్లు. మిగతాదంతా అక్షరాలే.

ఫ్రేమ్24:
ఆ కొన్ని సెకన్లతోనే రీల్స్ మొదలయ్యాయి. మీకు రిక్వెస్టులు వచ్చింది రీల్స్ చూసినవాళ్ల నుంచి.

మద్దెల:
మా ఊళ్లో రిక్వెస్ట్ చేసిన ఆయనకు డెబ్బై ఏళ్లు. ఆయన రీల్స్ చూడడు.

ఫ్రేమ్24:
ఆయన మనవడు చూస్తాడు. లిరికల్‌లో స్టెప్పు ఉందా లేదా, ముందు ఆ ఒక్క మాట చెప్పండి.

మద్దెల:
ఉంది. అయినా నా మాట నాదే.

డల్లాస్_పిన్ని:
మీరిద్దరూ ఆ కొన్ని సెకన్ల దగ్గరే ఆగిపోయారు కాబట్టి నా అనుభవం చెబుతాను. ఇక్కడ వారాంతాల్లో మన పిల్లలకు డ్యాన్స్ నేర్పిస్తాను. సగం మందికి తెలుగు సరిగ్గా రాదు. వాళ్లకు ముందు వచ్చింది స్టెప్పే, నిజమే. సస్పెండర్లు లేకపోయినా టీషర్టు మీద రెండు బొటనవేళ్లు పెట్టి, లేని పట్టీని లాగుతూ ఆడేవాళ్లు. ఆ వేళ్లు చూస్తే నాకు ముద్దొచ్చేది.

కాళ్లు కుదరక ఒకరోజు యూట్యూబ్‌లో స్పీడు 0.75కి తగ్గించాను. కాళ్లు కుదిరాయి. కానీ ఆట చచ్చిపోయింది. వ్యాయామం చేస్తున్నట్టే ఉంది. ఇంకోసారి అదే స్టెప్పు వేరే ఇంగ్లిష్ పాటకు పెట్టి చూశాం. కాలు పడే చోట దెబ్బ పడలేదు, పిల్లలే ఆపేశారు. అందుకని నా మటుకు నాకు ఆ స్టెప్పు పాటలోంచే పుట్టింది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం వాళ్లు, రాయబారితో సహా ఆడారు గుర్తుందా? అప్పుడు కూడా వెనక ఇదే పాట.

రేడియో_బాబాయి:
అమ్మాయి చెప్పింది బాగుంది. నేను ఈ పాటను ముందు వినే తెలుసుకున్నాను. విన్నప్పుడు నా కళ్లకు కట్టింది పొలం గట్టు దుమ్ము, పోట్ల గిత్త, పోలేరమ్మ జాతర, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టెలో మిరపతొక్కు. చంద్రబోస్ వేసిన బొమ్మలవి. ఆ తర్వాత థియేటర్‌కి వెళితే వీటిలో ఒక్కటీ తెర మీద లేదు! రాజభవనం, గౌన్లు తొడుక్కున్న దొరసానులు, సూట్లలో దొరలు. అది కీవ్‌లో మరీన్‌స్కీ ప్యాలెస్ అట, ఉక్రెయిన్ అధ్యక్ష భవనం. 2021 ఆగస్టులో తీశారు. ఆరు నెలలకే అక్కడ యుద్ధం వచ్చింది.

మొదట నిరాశపడ్డాను. ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే అర్థమైంది. మాట పల్లె చూపిస్తుంది, బొమ్మ ప్యాలెస్ చూపిస్తుంది. నీకు డ్యాన్స్ ఏం తెలుసని అవమానించిన దొర ముంగిట్లో మన పొలం దుమ్ము లేవడమే కథ. బొమ్మలోనూ పొలమే పెట్టి ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాళ్లం. నైజాం కుర్రాడు అన్నది కూడా నిజమే. స్నేహితుణ్ని చూసి అతను ఇష్టపడే దొరసాని పిల్ల మురిసిపోతోందని గ్రహించి రెండోవాడు కాలు పట్టేసినట్టు పడిపోతాడు. అది పాటలో లేదు, చూస్తేనే తెలుస్తుంది.

నైజాం_కుర్రాడు:
థాంక్స్ బాబాయ్.

ఫ్రేమ్24:
నేను చెప్పేదీ అదే బాబాయ్ గారూ. చూస్తేనే తెలుస్తుంది. మైకేల్ జాక్సన్ 1983లో థ్రిల్లర్ తీసినప్పటి నుంచీ ప్రపంచమంతా జరుగుతున్నది ఇదే. దాదాపు పద్నాలుగు నిమిషాలు, ఒక చిన్న సినిమా. ఆ ఎర్ర జాకెట్ లేకుండా ఆ పాట ఎవరికి గుర్తొస్తుంది? మా ఫోక్ ఫీల్డులో అయితే ఇంకా సూటిగా ఉంటుంది. థంబ్‌నెయిల్‌లో మొహం బాగుంటే నొక్కుతారు. గొంతు ఎవరిదైనా ఒకటే, మార్చి పెట్టినా జనం కనిపెట్టరు. నేను చాలాసార్లు చూశాను.

మద్దెల:
గొంతు ఎవరిదైనా ఒకటేనా? ఇంతసేపు ఓపిగ్గా మాట్లాడాను. ఇప్పుడు నా వల్ల కాదు.

మా చెల్లె పాడుతుంది. నాట్లప్పుడు మా అమ్మ పాడే బాణీని పట్టుకుని ఒక పాట కట్టింది. ఒక ఛానెల్ వాళ్లు పిలిచి స్టూడియోలో రెండు పూటలు పాడించుకున్నారు. రెండు వేలు చేతిలో పెట్టారు. వీడియో వచ్చాక చూస్తే తెర మీద వేరే అమ్మాయి. పొలంలో అంచుచీర కట్టుకుని పెదాలు కదుపుతోంది. మా చెల్లె పేరు డిస్క్రిప్షన్‌లో 'మోర్' నొక్కితే గానీ కనిపించదు. అది కూడా తప్పు అక్షరాలతో.

ఆ ఏడాది మా పక్క మండలంలో జాతరకు ఆ పాట కోసం ఆర్టిస్టును పిలిచారు. వచ్చింది ఆ వీడియో అమ్మాయి. ట్రాక్ వేశారు, మైకు పట్టుకుంది, జనం ఫోన్లు ఎత్తారు. మా చెల్లె జనంలో నిలబడి తన గొంతు తానే వింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఏడవలేదు. నేను ఆ రాత్రి అదే స్టేజీ మీద ప్యాడ్స్ వాయించాల్సి ఉండి వాయించాను. నువ్వు చాలాసార్లు చూశానన్నది దీన్నే తమ్ముడూ.

డల్లాస్_పిన్ని:
అయ్యో. చదువుతుంటే గుండె బరువెక్కింది.

ఫ్రేమ్24:
అన్నా, క్షమించండి. ఆ మాట అలా అనకూడదు. కానీ అబద్ధం చెప్పి ఇక్కడ మంచివాణ్ని అనిపించుకోలేను. అలాంటి వీడియోలు నేనూ కట్ చేశాను. పాడిన అమ్మాయినే చూపిద్దామని ఒకసారి అడిగాను. ఖర్చు పెట్టేవాళ్లు ఒప్పుకోలేదు. నేను ఉద్యోగం వదులుకోలేదు. నా పేరు కూడా ఆ 'మోర్' కిందే ఉంటుంది, చాలాసార్లు అక్కడా ఉండదు.

అయినా ఒక మాట. రాహుల్ సిప్లిగంజ్‌నే చూడండి. సినిమాల్లో గొంతుగా మాత్రమే ఉండి ఉంటే ఎంతమందికి తెలిసేవాడు? యూట్యూబ్‌లో తన పాటలకు తనే కనిపించాడు, తన గల్లీని చూపించాడు, తన స్టైలు చూపించాడు. 2019లో బిగ్ బాస్ గెలిచాడు. అంత ఇమేజ్ కట్టుకున్నాడు కాబట్టే ఆస్కార్ స్టేజీ మీద నిలబడితే 'మన రాహుల్' అన్నాం. మీ చెల్లెలు కూడా కెమెరా ముందుకు రావాలి. మొహం ఇవ్వకపోతే పేరు నిలవదు. నేను పాట గొప్పదా స్టెప్పు గొప్పదా అని కాదు, ఈ మాటే ఇందాకటి నుంచీ చెప్పబోతున్నాను.

మద్దెల:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చావు. నాకు నీతో పేచీ కూడా అక్కడే. ఆమెకు కెమెరా ఇష్టం లేదు. సిగ్గు కాదు, భయం కాదు, ఇష్టం లేదు. పాడటం ఇష్టం. పాడినందుకు పేరు రావాలంటే మొహం కూడా అమ్మాలా? స్టెప్పు వేసినవాడికి స్టెప్పు పేరు, పాడినవాడికి పాట పేరు. అంతే కదా న్యాయం.

ఫ్రేమ్24:
న్యాయం అదే. కానీ ఫోన్ తెర మీద న్యాయం నడవదు అన్నా. కనిపించనివాళ్లను జనం గుర్తుపెట్టుకోరు.

రేడియో_బాబాయి:
గుర్తుపెట్టుకుంటారు నాయనా, చెబితే. వివిధభారతి జనరంజనిలో ప్రతి పాటకూ ముందు చిత్రం పేరు, పాడినవారు, రాసినవారు, సంగీతం అన్నీ చదివేవారు. చదివాకే పాట. నాకు సుశీల గారి మొహం తెలియక ముందే పేరు తెలుసు. మా ఊళ్లో అందరికీ తెలుసు. మీ వీడియోలో మొదటి ఐదు సెకన్లు ఆ పేర్లకు ఇస్తే ఏం పోతుంది?

ఫ్రేమ్24:
మొదటి ఐదు సెకన్లలోనే జనం వెళ్లిపోతారు బాబాయ్ గారూ. అక్కడ మొహమో స్టెప్పో ఉండాలి. పేరు వేస్తే నన్ను తీసేస్తారు. పాట మధ్యలో వేయొచ్చేమో, పెద్ద అక్షరాలతో. వచ్చే వీడియోకి అడిగి చూస్తాను. ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను.

అన్నా, చెల్లెలి పాట లింక్ పెట్టండి. అందరం వింటాం.

మద్దెల:
లింక్ పెట్టను. పెడితే వ్యూస్ మళ్లీ ఆ ఛానెల్‌కే పోతాయి. ఈ ఆదివారం ఇంటికెళ్తున్నాను. నేను డప్పు పట్టుకుంటా, ఆమె పాడుతుంది. ఫోన్‌లో గొంతు ఒక్కటే రికార్డు చేసి ఇక్కడ పెడతాను. బొమ్మ ఉండదు.

ఫ్రేమ్24:
సరే అన్నా. గాలి శబ్దం పడకుండా తలుపులు వేసుకుని చేయండి. ఫోన్ డప్పుకు దూరంగా, ఆమెకు దగ్గరగా పెట్టండి.

రేడియో_బాబాయి:
ముందు పేరు చెప్పించు నాయనా. తర్వాతే పాట.