అమెరికా చూడ్డానికొచ్చిన నాన్నకి ఒంట్లో బాలేదు, ఎక్కడ చూపించాలి? (డల్లాస్ వైపు)

తెనాలమ్మాయి_ఫ్రిస్కో:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పొడుగైంది, ఏమనుకోకండి. అమ్మానాన్న విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉన్నారు. నాన్నకి 68, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, గ్లైకోమెట్ జీపీ, టెల్మా 40 వాడతారు. మామూలుగా మనిషి గట్టివారే, పొద్దున్నే కమ్యూనిటీ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి వస్తేగానీ కాఫీ ముట్టరు. ఈ వారం ఆ నడక మానేశారు. ఏంటి నాన్నా అంటే చలిగా ఉందమ్మా అన్నారు. టెక్సస్‌లో, జూన్‌లో, చలి!

రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే అమ్మ వచ్చి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. యూరిన్‌కి వెళ్తే మంటట, రాత్రంతా లేస్తూనే ఉన్నారట, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతోందట. నాకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారట కూడా. కూతురితో ఇవన్నీ ఏం చెప్పుకుంటాం అని ఒకటి, ఇక్కడ డాక్టరు గుమ్మం తొక్కితే లక్షలు పోతాయని ఇంకొకటి. "నీళ్ళు సరిగ్గా తాగట్లేదు, అంతే. ఊరెళ్ళాక చూపించుకుంటాలే" అంటారు. ఊరెళ్ళడానికి ఇంకా రెండు నెలలుంది.

మా డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే కొత్త పేషెంట్ అయితే ఆరు వారాల తర్వాతే అన్నారు. ఇన్సూరెన్స్ అంటారా, టికెట్లు చేసిన ఏజెంటే ఇండియాలో ఏదో ట్రావెల్ పాలసీ కట్టించాడు, 50 వేల డాలర్లని పైన పెద్దగా ఉంది, ముందు నుంచీ ఉన్న జబ్బులకి వర్తించదని లోపల చిన్నగా ఉంది. మా వీధి చివర ఎర్రక్షరాలతో ఎమర్జెన్సీ అని ఒకటుంది, ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుంది, అక్కడికి తీసుకెళ్తే త్వరగా అయిపోతుందేమో అని మా ఆయన అంటున్నారు. సూట్‌కేసులో ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ స్ట్రిప్ కూడా ఉంది, అది మొదలుపెట్టేయనా? తెలిసినవాళ్ళు చెప్పండి, నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ప్లేనో_పాతకాపు:

అమ్మా, ముందు ఆ ఎర్ర బోర్డు సంగతి. అది ఆసుపత్రీ కాదు, అర్జెంట్ కేరూ (ప్రాణాపాయం లేని జబ్బులకి అప్పటికప్పుడు చూసే క్లినిక్) కాదు. విడిగా కట్టిన ఎమర్జెన్సీ రూమ్. మన టెక్సస్‌లో స్ట్రిప్ మాల్‌కొకటి ఉంటాయి ఇవి, నెయిల్ సెలూన్‌కీ పిజ్జా షాపుకీ మధ్యన. లోపల సోఫాలు, కాఫీ మెషీను, చాలా మర్యాద. బిల్లు మాత్రం పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ లెక్కనే వేస్తారు. ఆ మాట నోటీసు రాసి పెట్టాలని రాష్ట్ర చట్టమే ఉంది, పెడతారు కూడా, జ్వరంతో ఉన్న మనిషిని పట్టుకుని లోపలికెళ్ళేవాడు గోడ మీద రాతలు చదువుతాడా? మా అత్తగారికి చెవిపోటొస్తే అలాంటి ఒక చోట రెండు చుక్కల మందు వేసి పంపారు. బిల్లు చూశాక మా మామగారు ఊరెళ్ళేదాకా మళ్ళీ ఏ నొప్పీ బయటపెట్టలేదు. వీటిలో చాలావాటితో మన విజిటర్ ఇన్సూరెన్సులకి ఒప్పందం కూడా ఉండదు.

మీరు వెళ్ళాల్సింది అర్జెంట్ కేర్. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, సాయంత్రం దాకా, శని ఆదివారాలు కూడా ఉంటుంది. వెళ్ళేముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: మీది అర్జెంట్ కేరా ఎమర్జెన్సీ రూమా, ఇన్సూరెన్స్ లేకుండా డబ్బు కట్టి చూపించుకుంటే ఎంత, యూరిన్ టెస్ట్ అందులో కలిసిందా లేదా. మా వైపు మనిషిని చూడ్డానికి 150 నుంచి 250 డాలర్ల మధ్య తీసుకుంటున్నారు. బయట ల్యాబ్‌కి పంపే టెస్టులుంటే దాని బిల్లు వేరుగా ఇంటికొస్తుంది, అప్పుడు మోసం అనుకుని కంగారు పడకండి.

ఫారాల్లో సోషల్ సెక్యూరిటీ నంబర్ గడి ఖాళీగా వదిలేయొచ్చు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. గ్యారంటర్ అనే గడి దగ్గర మాత్రం జాగ్రత్త. హడావుడిలో కొడుకులూ కూతుళ్ళూ తమ పేరు రాసి సంతకం పెట్టేస్తారు, దాంతో ఆ బాకీ వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. నాన్నగారు మేజరు, పేషెంటూ ఆయనే, గ్యారంటరూ ఆయనే. బిల్లు ఎగ్గొట్టమని చెప్పట్లేదు, ఎవరి పేరు మీద ఉండాల్సింది వాళ్ళ పేరు మీద ఉండాలంటున్నానంతే.

సత్తిబాబు_99:

అక్కా ఒక చిట్కా. డాక్టర్ దగ్గర షుగర్ ఉందని అసలు చెప్పొద్దు. రికార్డుల్లో షుగర్ అని పడిందా, దాని వల్లే వచ్చిందని క్లెయిమ్ కొట్టేస్తారు. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నకి అలాగే చేశారు. జస్ట్ జ్వరం, మంట అని చెప్పండి చాలు.

నర్సమ్మ_హ్యూస్టన్:

సత్తిబాబూ, నువ్వు మంచికే చెప్పావు గానీ ఈ సలహాతో ప్రాణం మీదకి వస్తుంది నాయనా.

నేను ఇక్కడ ఆసుపత్రిలో పనిచేస్తాను. తెనాలమ్మాయీ, జాగ్రత్తగా విను. గ్లైకోమెట్ జీపీలో జీపీ అంటే గ్లిమెపిరైడ్, షుగర్‌ని గట్టిగా దించే మందు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఇక్కడ తరచుగా రాసేవి సిప్రో, బాక్ట్రిమ్. ఈ రెండూ గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ ఉన్నట్టుండి బాగా పడిపోవచ్చు. పైగా టెల్మా వేసుకునే పెద్దవాళ్ళకి బాక్ట్రిమ్ ఇస్తే రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది, గుండె లయ తప్పుతుంది. డాక్టరుకి ఈ మందుల సంగతి తెలిస్తే వేరేది రాస్తాడు, లేదా రక్తపరీక్ష చేసి చూసుకుంటాడు. షుగర్ లేదని చెప్తే నార్మల్ మనిషికి రాసినట్టు రాసేస్తాడు, అందులో వాడి తప్పేం లేదు. రేపు ఏ స్కానో తీయాల్సొచ్చి రక్తనాళంలోకి డై ఎక్కిస్తే, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి, గ్లైకోమెట్‌లో ఉండే ఇంకో మందు మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది కూడా తేల్చాలి. క్లెయిమ్ పోతే డబ్బు పోతుంది. అదీగాక ఇన్సూరెన్స్‌కి అబద్ధం చెప్పి దొరికితే వచ్చేది కూడా రాదు.

సూట్‌కేసులో స్ట్రిప్ ముట్టుకోకండి. ఒక్క మాత్ర వేసినా యూరిన్ కల్చర్‌లో క్రిమి సరిగ్గా పెరగకపోవచ్చు, ఏ మందుకి లొంగుతుందో తెలీకుండా పోవచ్చు. ఆడవాళ్ళలో ఈ ఇన్ఫెక్షన్ మామూలే, ఈ వయసు మగవాళ్ళకి, అందులో షుగర్ ఉన్నవాళ్ళకి వచ్చిందంటే ప్రోస్టేట్ కూడా చూడాలి. చలి, జ్వరం అంటున్నావు కాబట్టి రేపూ ఎల్లుండీ కాదు, ఈరోజే తీసుకెళ్ళు. ఇంట్లో షుగర్ మెషీన్ ఉంటే రీడింగ్ తీసి రాసుకుని వెళ్ళు, ఇండియాలోనూ ఇక్కడా లెక్క ఒకటే.

ఇవి కనపడితే మాత్రం అర్జెంట్ కేర్ కూడా వద్దు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకే: ఒళ్ళంతా గజగజ వణుకు, వాంతులు, నడుము పక్కన నొప్పి, యూరిన్ అసలు రాకపోవడం, మాటల్లో తికమక, మగతగా పడి ఉండటం. లేవలేని పరిస్థితైతే 911 కొట్టు. డబ్బు గురించి అక్కడ ఆలోచించొద్దు. మెడికేర్ (ఇక్కడి పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకునే ఆసుపత్రుల్లో, అంటే దాదాపు అన్నిట్లోనూ, ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా పరీక్ష చేసి నిలకడకి తేవాల్సిందే, 1986 నుంచీ చట్టం ఉంది. బిల్లు వస్తుంది, నిజమే. లాభాపేక్ష లేని ఆసుపత్రైతే బిల్లు తగ్గించమని అప్లికేషన్ పెట్టుకోవడానికి మొదటి బిల్లు నుంచి 240 రోజుల టైముంటుంది. ఎవరికి ఎంత తగ్గిస్తారనేది ఆసుపత్రిని బట్టి. కార్డు గీకే ముందు ఒక్కో పద్దు విడివిడిగా రాసిన బిల్లు అడిగి తీసుకో.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. నాన్నగారు నీ ముందు నోరు విప్పరు. నువ్వు పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్తుంటే ఆయన సిగ్గుతో సగం మింగేస్తారు, నువ్వు మొహమాటంతో ఇంకో సగం మింగేస్తావు, చివరికి డాక్టరుకి చేరేది "కొంచెం జ్వరం". తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని ఫోన్లోనే అడుగు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు పేషెంట్ దగ్గర పైసా తీసుకోకుండా ఏర్పాటు చేయాలి, ఫోన్‌లోనో ఐప్యాడ్ మీదో తెలుగువాళ్ళు దొరుకుతారు. చిన్న అర్జెంట్ కేర్‌లలో కొన్నిచోట్ల నీళ్ళు నములుతారు, అలాంటిచోట వదిలేసి ఇంకో చోటికి ఫోన్ చేయి. మగ డాక్టరున్నాడేమో కనుక్కో. ఆయన్ని లోపలికి పంపించి నువ్వు బయట కూర్చో.

లెస్టర్_లక్ష్మి:

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, ఇవన్నీ చదువుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి. ఇక్కడ విజిటర్‌గా వచ్చినవాళ్ళు కూడా దగ్గర్లోని జీపీ సర్జరీలో, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లో, తాత్కాలిక పేషెంట్‌గా పేరు రాయించుకోవచ్చు, మూడు నెలల లోపు ఉండేవాళ్ళకి ఆ పద్ధతి ఉంది. జీపీ చూసినందుకూ, ఏ అండ్ ఈలో (ఇక్కడి ఎమర్జెన్సీ) వైద్యానికీ డబ్బు తీసుకోరు. ఏది ఎక్కడో తెలీకపోతే 111కి చేస్తే చెప్తారు. అలాగని అంతా ఉచితం అనుకునేరు, ఆసుపత్రిలో చేర్చుకున్నారంటే మనలాంటి విజిటర్లకి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) రేటు మీద ఒకటిన్నర రెట్లు వేస్తారు, 500 పౌండ్లు దాటిన బాకీ రెండు నెలల పాటు కట్టకుండా వదిలేస్తే హోం ఆఫీసుకి చేరి తర్వాత వీసాకి అడ్డొస్తుంది. ఇక్కడికి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు కూడా ఇన్సూరెన్స్ తీసుకునే పిలిపించుకోండి. అక్కా, నాన్నగారికెలా ఉందో చెప్పండి.

తెనాలమ్మాయి_ఫ్రిస్కో:

అందరికీ చాలా థాంక్స్. నర్సమ్మగారి పోస్టు చదివిన గంటలోపే బయల్దేరాం. ఫోన్ చేస్తే మొదటి చోట తెలుగా, అదేంటి అన్నారు. రెండో చోట ఉందన్నారు. మగ డాక్టరే. నేను బయట కుర్చీలో కూర్చున్నా, తలుపు మూసినా నాన్న గొంతు వినపడుతూనే ఉంది, ఐప్యాడ్‌లో ఉన్నాయనది ఏ ఊరో ఏంటో గానీ, మాట్లాడ్డం మొదలుపెట్టాక ఆగలేదు మా నాన్న. ఈ మంట విమానం ఎక్కకముందు నుంచే అప్పుడప్పుడూ ఉందట! మాకెవరికీ చెప్పలేదు.

185 డాలర్లు తీసుకున్నారు, కల్చర్ బిల్లు వేరే వస్తుందన్నారు. మందుల డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాం, అవి చూసి డాక్టరు యాంటీబయాటిక్ జాగ్రత్తగా ఎంచి రాశాడు, షుగర్ రోజుకి నాలుగుసార్లు చూడమన్నాడు, జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికే వెళ్ళమన్నాడు, ప్రోస్టేట్ సంగతి యూరాలజిస్టుకి చూపించమన్నాడు. ఈరోజు కాస్త నయం, ఇడ్లీ అడిగి తిన్నారు. అమ్మ మీద మాత్రం కోపంగా ఉన్నారు, ఒట్టు తీసి గట్టున పెట్టిందని.

రెండు ప్రశ్నలు మిగిలాయి. రోజూ వేసుకునే మాత్రలు ఇంకో మూడు వారాలకే ఉన్నాయి, ఊరి నుంచి కొరియర్ చేయించనా? క్లెయిమ్ పెట్టాలా, పెడితే వస్తుందా?

ప్లేనో_పాతకాపు:

సంతోషం అమ్మా. కొరియర్ వద్దు, మందుల పార్సిళ్ళు మధ్యలో ఆపేస్తుంటారు, ఎప్పుడొస్తుందో తెలీని డబ్బా కోసం బీపీ మనిషి ఎదురుచూడకూడదు. ఇండియా డాక్టరు చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు. మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు ఆ అర్జెంట్ కేర్ డాక్టరునే ఒక నెలకి రాసివ్వమని అడుగు, చాలామంది రాస్తారు. బ్రాండ్ పేర్లు చెప్తే వాళ్ళకి అర్థం కాదు, డబ్బా మీద సన్నగా రాసున్న మందు పేరూ మిల్లీగ్రాములూ చూపించు. గ్లైకోమెట్ జీపీలో ఉన్న రెండు మందులూ విడివిడి మాత్రలుగా ఇస్తారు. మెట్‌ఫార్మిన్ వాల్‌మార్ట్ 4 డాలర్ల లిస్టులో ఉంది. కాస్ట్‌కోలో మందులు కొనడానికి మెంబర్‌షిప్ అక్కర్లేదు. గుడ్‌ఆర్‌ఎక్స్ కూపన్ చూపిస్తే ఇంకా తగ్గుతుంది, ఒకే మందుకి వీధికొక రేటు ఉంటుంది, ఫోన్లో చూసుకుని వెళ్ళు. యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు డబ్బు కట్టి చూపించుకుంటున్నామని చెప్పి ఖర్చు అంచనా కాగితం మీద అడుగు. 2022 నుంచి అలా ఇవ్వాల్సిందే, బిల్లు దానికన్నా 400 డాలర్లో ఆ పైనో ఎక్కువొస్తే ఫిర్యాదు చేయొచ్చు, బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లోపు.

క్లెయిమ్ పెట్టు, పోయేదేముంది. బిల్లు, కట్టిన రసీదు, డాక్టరు నోట్సు, పాస్‌పోర్టు కాపీ, అమెరికాలో దిగిన తేదీ కాగితం కావాలి. డిడక్టబుల్ ఎంతో చూసుకో, అది పోను మిగిలిందే ఇస్తారు. మంట ఊళ్ళోనే మొదలైందని నోట్సులో పడి ఉంటే మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకు. పేరు సరిచూడు అన్నిటికన్నా ముందు. మనవాళ్ళ ఇంటిపేరు ముందుంటుంది, క్లినిక్ వాళ్ళు తిప్పి రాస్తారు, పుట్టిన తేదీలో నెల ముందు రాస్తారు, ఆ రెండూ పాస్‌పోర్టుతో కలవక మా బంధువుల క్లెయిమ్ నెలల తరబడి నానింది. కౌంటర్లో చెప్తే అక్కడికక్కడే మార్చిస్తారు.

సత్తిబాబు_99:

నర్సమ్మగారూ, ఆ బాక్ట్రిమ్ సంగతి నిజంగా తెలీదండీ. మా అమ్మ ఆగస్టులో వస్తోంది, తనకీ షుగరే, వేసుకునే మాత్రల పేర్లు ఇక్కడ పెడితే ఒకసారి చూస్తారా?

నర్సమ్మ_హ్యూస్టన్:

పేర్లు చూసి నేను చెప్పడం కాదు బాబూ. అమ్మ బయల్దేరేలోపు అక్కడి డాక్టరు చేత మందుల పేర్లు, మోతాదులు, జబ్బులు, పడని మందులు అన్నీ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టైపు చేయించు. మాత్రలు 90 రోజులకి సరిపడా, డబ్బాల్లోనే, చీటీతో పాటు చేతి బ్యాగులో పెట్టమను. ఇన్సూరెన్స్ పాలసీ మొత్తం నువ్వే చదువు, ఏజెంటు చెప్పింది కాదు. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఎంత ఇస్తారో, ఎన్నేళ్ళ వయసు దాకా ఇస్తారో చూడు. విమానంలో గంటకోసారి లేచి నడవమను, దిగాక ఒక కాలే వాచినా ఆయాసం వచ్చినా ప్రయాణం బడలిక అనుకుని ఊరుకోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.