పీట్ నేలలు పక్కకు ఎలా పాకాయి?

నమస్కారం. గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం బోధిస్తున్నాను. ఒక సందేహం తీర్చవలసిందిగా మనవి.

చివరి మంచుయుగం ముగిశాక పశ్చిమ సైబీరియాలోను, కెనడాలోని హడ్సన్ అఖాతపు పల్లపు భూముల్లోను పీట్ (చిత్తడి నేలల్లో పూర్తిగా కుళ్లకుండా మిగిలిన మొక్కల అవశేషాల పొర) వేల ఏళ్లపాటు పేరుకుంటూ వచ్చిందని, చెరువులు పూడిపోవడం వల్ల కొంత, పొడినేల మీది అడవి క్రమంగా చిత్తడిగా మారడం వల్ల కొంత అది విస్తరించిందని చదివాను. మందం పెరగడం సులభంగానే బోధపడుతుంది: నీటిలో ఆక్సిజన్ అందక మొక్కలు పూర్తిగా కుళ్లవు కనుక, ఏడాదికి ఇంచుమించు 1 మిల్లీమీటరో అంతకన్నా తక్కువో పొర చేరుతుంది. పక్కకు పాకడమే అంతుపట్టలేదు.

ఆర్కిడ్ల కోసం విజయవాడ నర్సరీలో కొన్న స్ఫాగ్నం నాచును (చాలాచోట్ల పీట్ ఏర్పడేది ఈ నాచుతోనే) గుప్పెడు నానబెడితే, గిన్నె అంచు మీదుగా వేలాడిన పోగులు నీటిని బల్ల మీదికి లాక్కొచ్చాయి. పీట్ కూడా ఇలాగే చుట్టుపక్కల నేలలో నీటిమట్టం పెంచి చెట్ల వేళ్లను ముంచుతుందా? వాలు అడ్డువచ్చిన చోట ఆ విస్తరణ ఎంతమేరకు నెమ్మదిస్తుంది? అడుగు పొర వయసును రేడియోకార్బన్ పద్ధతిలో లెక్కకట్టినప్పుడు, దాని కింద చెరువు బురద ఉందా, చెట్ల మొదళ్లు ఉన్నాయా అన్నదొక్కటే ఆ రెండు మార్గాలను వేరుచేయడానికి చాలునా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.